తాత విన్న పాఠం

మొన్నటి చలికాలంలో బెల్లంపల్లి పోయి భూదేవి టీచర్‌ను చూసి వచ్చాను. ఆమెకు చూపు బాగా తగ్గిందనీ, వచ్చిన మనిషిని గొంతును బట్టే పోల్చుకుంటున్నదనీ తెలిసి, ఇంక వాయిదా వెయ్యడం మంచిది కాదనిపించింది. కరీంనగర్ నుంచి పెద్దపల్లి దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. బెల్లంపల్లిలో బొగ్గు బాయిలు చాలావరకు మూతపడ్డాయి. కార్మికుల క్వార్టర్ల వరుసల్లో సగం ఇళ్ళకు తాళాలున్నాయి, కొన్నిటికి తలుపులే లేవు. ఆ వరుసలు దాటాక కొత్తగా వెలిసిన వీధిలో టీచర్ కొడుకు ఇల్లు. గోడవారగా ఎండలో కుర్చీ వేసుకుని కూచున్న ఆమె దగ్గరికి వెళ్ళి, "టీచర్, నేను" అన్నాను. ఆమె తల కొంచెం పక్కకు వంచి విని, "సులోచనవా? నర్సయ్య తాత మనుమరాలివి" అంది. నేను ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి చెప్పి రిటైరైన దాన్ని, తల పూర్తిగా నెరిసిన దాన్ని. నన్ను మేడమ్ అనేవాళ్ళున్నారు, ఫలానా వాళ్ళ అమ్మ అనేవాళ్ళున్నారు గానీ, మా ఇంటివాళ్ళను వదిలేస్తే, మా తాత మనుమరాలిగా గుర్తుపట్టే మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే మిగిలింది. ఆ మధ్యాహ్నమంతా ఆమె పక్కన ఎండలో కూచుని మేం మాట్లాడుకున్నది దాదాపు ఒక్క ఏడాది గురించే. నేను పదో తరగతి చదివిన ఏడాది.

అప్పుడు మేం సుల్తానాబాద్‌కు కొంచెం అవతల ఒక చిన్న ఊళ్ళో, పద్మశాలీల వాడలో ఉండేవాళ్ళం. పొద్దున్నే వీధి పొడవునా నూలు పడుగులు చాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వేవాళ్ళు. ఆ పుల్లటి గంజి వాసన మీదుగానే మేం బడికి పోవాలి. ఇంట్లోకి వస్తే ఇంకో వాసన, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ బీడీలు చుట్టే తంబాకుది, తడిపి మూటగట్టిన తునికాకుది. మా నాయినమ్మ బాపమ్మ గోడకు ఆనుకుని చరఖా తిప్పుతూ కండెలు చుట్టేది. ముందరింట్లో రెండు గుంతమగ్గాలు, ఒకటి తాతది, ఒకటి మేం బాపు అని పిలిచే నాన్నది. తాత స్నానం చేసి, జంధ్యం సర్దుకుని, నొసట విబూది పెట్టుకుని, మగ్గానికి దండం పెట్టి గానీ గుంతలోకి కాలు దించేవాడు కాదు. మేం రుషి సంతానమని ఆయన నమ్మకం. యజ్ఞగుండంలోంచి పుట్టిన రుషి తామరతూడు దారంతో దేవతలకు మొదటి బట్ట నేశాడనీ, ఆయన వంశమే మనదనీ మాకు అన్నం తినిపిస్తూ చెప్పేవాడు. అందుకే ఆయన బయట ఎక్కడా పచ్చి మంచినీళ్ళు ముట్టడు. వేరే ఊరు పోతే రాగిచెంబు వెంట పోవాలి. మార్కండేయ గుడి దగ్గర వాడ పంచాయితీలన్నీ ఆయన మాట మీదే తెగేవి.

ఆ ఇంట్లో ముగ్గురు మగవాళ్ళు మూడు దిక్కులు చూసేవాళ్ళు. తాత చూపు వెనక్కి, రుషి దాకా. బాపు చూపు పవర్‌లూమ్‌ల మీద. పెద్ద ఊళ్ళలో కరెంటు మగ్గాలు టకటకమని కొడుతుంటే మనం ఇంకా కాళ్ళతో తొక్కుతూ కూచున్నామని ఆయన బాధ. బాపు తమ్ముణ్ణి మేం కాక అని పిలిచేవాళ్ళం. కాక కరీంనగర్‌లో డిగ్రీ చదువుతూ శనివారం శనివారం భుజాన సంచితో దిగేవాడు. సంచినిండా ఎర్రట్టల పుస్తకాలు. ఆయన చూపు రాబోయే కాలం మీద, దొరలు లేని, పేదలు లేని కాలం మీద. వాదన మొదలైతే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు, మగ్గాల చప్పుడు ఒకటి.

భూదేవి టీచర్ మా ఆడపిల్లల బడికి సైన్సు టీచర్‌గా వచ్చింది, అదే ఆమెకు మొదటి ఉద్యోగం. వాళ్ళ బాపు బెల్లంపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు. క్వార్టర్లలో వరుసకొక నల్లా, అన్ని కులాల వాళ్ళూ అదే నల్లా దగ్గర బిందెలు పెట్టేవాళ్ళట. బాయిలోంచి పైకి వచ్చినప్పుడు అందరి మొహాలూ ఒకే రకంగా నల్లగా ఉండేవట. అట్లాంటి చోట పెరిగిన మనిషి మా ఊళ్ళో ఇల్లు అడగబోతే మొదటి ప్రశ్న "మీరేమోళ్ళు?" అని. ఆమె అబద్ధం చెప్పలేదు. మాలవాళ్ళమని చెప్పింది. ఇల్లు దొరకలేదు. మా హెడ్‌మాస్టర్ మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు దంచే మనిషి, ఆయన ఇంట్లో సగం భాగం ఖాళీగా ఉండేది. ఆయనకు కూడా సరిగ్గా అప్పుడే అత్తగారు వచ్చి ఉండబోతున్నదన్న సంగతి గుర్తుకొచ్చింది. ఆ అత్తగారిని మేమెవరం ఎప్పుడూ చూడలేదు. టీచర్ సుల్తానాబాద్‌లో రైసుమిల్లు హమాలీ అయిన చిన్నాయన ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో వచ్చిపోయేది. వానాకాలం దారి మధ్యలోని ఒర్రె, అంటే వాగు, పొంగితే బస్సు అవతలే ఆగిపోయేది. ఎన్నోసార్లు చీర మోకాళ్ళ దాకా తడిసి వచ్చి, కొంగు పిండుకుని, నవ్వుతూ అటెండెన్సు తీసుకునేది.

జీవులు ఎట్లా మారుతూ వచ్చాయో చెప్పే పాఠం ఆమె పుస్తకం తెరవకుండా మొదలుపెట్టింది. చేతిసంచిలోంచి ఒక బూడిదరంగు పలకరాయి తీసి మా బెంచీల మీదుగా పంపింది. దాని మీద ఒక ఆకు అచ్చు ఉంది, మామిడాకు కన్నా కొంచెం పెద్దది, నడుమ ఈనె, అటూ ఇటూ సన్నని వలలాగా ఈనెలు. వాళ్ళ బాపు బొగ్గుతో పాటు దొరికితే ఇంటికి తెచ్చాడట. ఈ చెట్టు ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేదని, మనిషి పుట్టక ఎన్నో కోట్ల ఏళ్ళ ముందు బెల్లంపల్లి అంతా ఈ అడవే అని ఆమె చెప్పినప్పుడు నాకు వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. అక్కణ్ణుంచి చేపలు, కప్పలు, పక్షులు, పాలిచ్చే జంతువులు, చివరికి కోతికీ మనకూ ఉమ్మడిగా ఒక పాత తాత ఉన్నాడన్న మాట. నేను ఆ పాఠాన్ని కడుపులో పెట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

ఆ రోజు శనివారం, కాక కూడా వచ్చి ఉన్నాడు. అందరం మక్క గట్క, అంటే మొక్కజొన్న రవ్వ అన్నం, తింటున్నాం. నేను ఆగలేక చెప్పేశాను. బాపమ్మ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. "కోతికి వుట్టినమా మనం? గీ ముచ్చట ఎవ్వల్తోని అనకే" అంది. కాకకు మాత్రం పండుగ వచ్చినట్టయింది. ఏదీ ఉన్నదున్నట్టు ఉండదనీ, కోతి మారినట్టే దొరతనం కూడా మారక తప్పదనీ, ఇది సైన్సు చెప్తున్న మాట తప్ప తన మాట కాదనీ కంచం ముందే ఉపన్యాసం ఎత్తుకున్నాడు. బాపు ఆ పాఠంలో తనకు కావలసిన ముక్క వెంటనే పట్టుకున్నాడు. "తట్టుకున్నదే బతుకుతదని ఉన్నదా లేదా బిడ్డా నీ పుస్తకంల? నేను ఏడాది సంది గదే మొత్తుకుంటున్న. మగ్గం తట్టుకోదు, మిషను తట్టుకుంటది." తాత కంచంలో చెయ్యి కడుక్కుని లేచి పోయి, వాకిట్లో మంచం మీద కూచున్నాడు. ఆ పాఠం లోకంలోకి వచ్చినప్పుడు దేశదేశాల్లో కొందరు దేవుడికి ముప్పు వచ్చిందని భయపడ్డారనీ, కొందరు విప్లవానికి సాక్ష్యం దొరికిందన్నారనీ, ఉన్నవాడు ఇంకా ఉన్నవాడు కావడమే ప్రకృతి ధర్మమని కొందరు షావుకార్లు సంబరపడ్డారనీ నేను పెద్ద చదువుల్లో చదివాను. అదంతా అక్కడ చాలా ఏళ్ళు పట్టిందట. మా ఇంట్లో ఒక్క పూట గట్కలోనే అయిపోయింది.

మాట ఇంట్లోనే ఉంటే బాగుండేది. ఆ నెలలోనే కూనపులివాళ్ళు వచ్చారు. వాళ్ళు మా కులం కథ చెప్పుకుని బతికేవాళ్ళు. బొమ్మలు వేసిన పొడుగాటి బట్ట పటాన్ని గుడి ముందు కట్టి, మూర మూరా విప్పుతూ, కర్రతో చూపిస్తూ రుషి కథ పాడతారు. ఆ దళానికి పెద్ద ఓదెలు అనే ఆయన. గొంతు విప్పితే ఊరు ఊరంతా ఆగి వినాల్సిందే. సాయంత్రం ఎండ ఇంకా పోలేదు. యజ్ఞగుండంలోంచి రుషి లేచి వచ్చే బొమ్మ దగ్గరికి కథ వచ్చింది. నా బెంచీమీది నేస్తం సరోజ వాళ్ళ నాయినమ్మను అందరికీ వినపడేట్టు అడిగింది, మరి కోతులు కూడా ఈ గుండంలోంచే వచ్చాయా అని. ఆడపిల్లలందరం నవ్వాం. ఓదెలు కూడా నవ్వి తర్వాతి బొమ్మకు పోయాడు. నవ్వనివాళ్ళు పెద్దమనుషులు. మర్నాడు పొద్దున్నే గుడి దగ్గర పంచాయితీ కూడింది.

అందరిలోకి గట్టిగా మాట్లాడినవాడు కనకయ్య. వాడలో సగం మగ్గాలకు నూలు ఇచ్చి బట్ట తీసుకునేది ఆయనే, అందుకని ఆయన మాటకు మిగతావాళ్ళు తలూపక తప్పదు. ఆడపిల్లలకు ఈ చదువు చాలు, అందరూ మానెయ్యాలి, ఆ టీచరమ్మను ఈ ఊరి నుంచి బదిలీ చేయించాలి అన్నది ఆయన తీర్పు. అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. "గామె ఏమోళ్ళో ఎరుకేనా మీకు? అందర్ని ఒక్క తీరుగ నిలవెట్టాలని గీ కోతి ముచ్చట వట్టుకొచ్చింది" అన్నాడు. ఆ మాట ఇంటికి చేరేసరికి మా అవ్వ బీడీలు చుట్టడం ఆపి నా వైపు చూసింది. తను బడి మొహం చూడని మనిషి. నా కోసం బీడీలకు ఇంకో చాట, ఇంకో కత్తెర సిద్ధం చెయ్యాలా అన్నట్టున్న ఆ చూపు నాకిప్పటికీ తెలుసు.

పంచాయితీలో తాత చివరికి, తను వినని మాట మీద తీర్పు చెప్పనన్నాడట. ఒకసారి పోయి వినివస్తానన్నాడట. కనకయ్యకు అది నచ్చకపోయినా కాదనలేకపోయాడు.

తాత బడికి వచ్చిన రోజు తెల్ల రుమాలు చుట్టుకుని, చెప్పులు వరండా మెట్ల కింద విడిచి, తలుపు దగ్గర నిలబడ్డాడు. మేమంతా లేచి నిలబడ్డాం. ఎందుకు వచ్చాడో టీచర్‌కు తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు. తాత మాత్రం, గొడవకు రాలేదనీ, పిల్లలకు చెప్పిన పాఠమే తనకూ చెప్పమనీ అడిగి, వెనక బెంచీ మీద కాళ్ళు పైకి ముడుచుకుని కూచున్నాడు. ఆమె చాక్‌పీసు పట్టుకుని మొదలుపెట్టింది. పోనుపోను పాఠం ఆమెను పట్టుకుంది. రాయి తాత చేతికి వచ్చినప్పుడు ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి, బట్ట నాణ్యం చూసేటప్పుడు చూసినట్టే, బొటనవేలితో ఆ ఈనెల మీద చాలాసేపు రాస్తూ ఉండిపోయాడు. కోట్ల ఏళ్ళన్న మాటకు ఆయన బెదరలేదు. యుగాల లెక్కలు ఆయనకు నోటికి వచ్చు, లక్షల ఏళ్ళంటే పక్కూరు పోయివచ్చినంత తేలిక.

పాఠం అయ్యాక తాత అడిగాడు. "మరి మా రుషి ఎటు వోయిండు టీచరమ్మా?"

టీచర్ చాక్‌పీసు కింద పెట్టింది. "రుషి మీకు పని నేర్పిండు పెద్దయ్యా. నేను పని ముచ్చట చెప్తలేను. ఒళ్ళు ముచ్చట చెప్తున్న. గీ ఒళ్ళు ఎక్కడికెళ్ళి వచ్చిందన్నదే గీ పాఠం."

"ఒళ్ళు అందరిది ఒక్క కాడికెళ్ళే వచ్చిందా?"

"అందరిది."

"దొరది సుత?"

"దొరది, మీది, నాది."

తాత రాయిని బెంచీ మీద పెట్టాడు. కులాలు ఎప్పుడు పుట్టాయని అడిగాడు. అవి రాళ్ళలో దొరకవని, మనిషి పుట్టిన ఎంతో కాలానికి మనుషులే పెట్టుకున్నారని ఆమె చెప్పింది. ఆయన తలూపాడు. అది ఒప్పుకోవడమో, వినడం అయిందని చెప్పడమో నాకు తెలియలేదు. లేచి, ఆమెకు దండం పెట్టి, మెట్లు దిగి పోయాడు.

ఆ సాయంత్రం గుడి దగ్గర తాత చెప్పిన తీర్పు చిన్నది. ఆమె రుషిని ఒక్క మాట కూడా అనలేదనీ, ఆకును రాతిలో తన చేత్తో ముట్టి చూశాననీ, తన మనుమరాలు రేపు బడికి పోతుందనీ, ఎవరి పిల్లల సంగతి వాళ్ళిష్టమనీ. తాత మనుమరాలు పోతున్నదంటే ఆపే ధైర్యం ఎవరికుంటుంది? సరోజతో సహా అందరం బడికి పోయాం. ఓడిపోయిన కనకయ్య ఊరికే ఉండలేక, అందరికీ ఒక్కడే తాత అయినప్పుడు ఇల్లు దొరకని ఆ టీచరమ్మను నీ ఇంట్లోనే పెట్టుకోరాదా అని ఎకసెక్కం ఆడాడట. అంతా నవ్వారట. తాత నవ్వలేదట. ఈ మాట బాపు ఇంటికి వచ్చి చెప్పాడు.

తర్వాత కొన్ని రోజులు తాత మగ్గం మీద మామూలుగానే కూచున్నాడు గానీ, పోగు నడిపే నాడె ఆడించే చెయ్యి మధ్యమధ్యలో ఆగిపోయేది. ఆయన మథనపడటం చూసి గుడి అయ్యగారు వచ్చి ఊరడించాడు. ఈ పాఠంలో కొత్తేమీ లేదనీ, మొదట చేప, తర్వాత తాబేలు, తర్వాత వరాహం, సగం సింహం సగం మనిషి, ఆ తర్వాత పొట్టి మనిషి, అట్లా మన అవతారాల్లో అంతా ముందే ఉందనీ విడమరిచి చెప్పాడు. తాతకు ప్రాణం లేచి వచ్చింది. వారం రోజులు కనపడిన వాళ్ళందరికీ చెప్పాడు. నాతో టీచర్‌కు కూడా కబురు పెట్టాడు. ఆమె విని, వినడానికి బాగుంది గానీ అవతారాలు పైనుంచి కిందికి దిగుతాయి, ఈ పాఠంలో అన్నీ కింది నుంచి పైకి వస్తాయి అని చెప్పమంది. నేను ఆ మాట అట్లాగే తెచ్చి ఇచ్చాను. తాత గెడ్డం గోక్కుని, "గది నిజమే" అన్నాడు. అవతారాలతో దేవుడి గొడవ ఎట్లాగో సర్దుబాటు చేసుకున్నాడు గానీ, కనకయ్య ఎత్తిపొడిచిన ఇల్లు మాట మాత్రం అవతారాలతో తెగలేదు.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం ఆగకుండా వాన కొట్టింది. బడి తొందరగా విడిచిపెట్టారు. ఒర్రె పొంగింది, బస్సు రాదన్నారు. నేను ఇంటికి వచ్చి తల తుడుచుకుంటూ, టీచర్ ఒక్కతే బడి వరండాలో కూచుని ఉందని చెప్పాను. తాత నేత ఆపలేదు. ఇంకో జానెడు నేశాడు. తర్వాత నాడె పక్కన పెట్టి, గుంతలోంచి లేచి, గొంగడి కప్పుకుని బయటికి నడిచాడు. కాసేపటికి వాడంతా తలుపుల్లోంచి తొంగి చూస్తుండగా, టీచర్ మీద గొంగడి కప్పి, తను తడుస్తూ, వెంటబెట్టుకుని వచ్చాడు. నూలు కట్టలు పెట్టుకునే ముందర అర్ర తలుపు తీసి, కట్టలు తనే ఒక మూలకు జరిపాడు. "ఒర్రె తగ్గేదాంక ఈడనే ఉండు బిడ్డా" అన్నాడు. టీచరమ్మా అనలేదు. బిడ్డా అన్నాడు. ఒర్రె మర్నాటికే తగ్గింది. భూదేవి టీచర్ మాత్రం పెళ్ళయి పోయేదాకా మా ఇంట్లోనే ఉంది.

ఇదంతా ఊరికే జరిగిపోలేదు మరి. కనకయ్య తాతకు నూలు ఇవ్వడం మానేశాడు. మరుసటి ఏడు గుడి పండుగలో మొదటి కొబ్బరికాయ కొట్టే మర్యాద ఇంకొకరికి పోయింది. తాత ఆ రోజు అందరితో పాటు వరసలో నిలబడి దండం పెట్టుకుని వచ్చాడు. ఇంట్లో బాపమ్మ టీచర్ కోసం వేరే కుండ బయట పెట్టింది. అందుకు తాత కూడా అడ్డు చెప్పలేదు. ఆయన నడవగలిగినంత దూరం నడిచాడు, అంతే. మిగిలిన దూరం మా అవ్వ నడిచింది. ఎప్పుడూ అత్తకు ఎదురుచెప్పని అవ్వ ఒక పొద్దున లోపలి కుండలోంచి గ్లాసు ముంచి, బాపమ్మ చూస్తుండగానే టీచర్ చేతికి ఇచ్చింది. బాపమ్మ ఆ కుండెడు నీళ్ళూ పారబోసి, తోమి, చేదబావికి పోయి మళ్ళీ నింపుకొచ్చింది. మర్నాడు అవ్వ మళ్ళీ ముంచింది, బాపమ్మ మళ్ళీ పారబోసింది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. బావి దూరం, బాపమ్మవి ముసలి మోకాళ్ళు. దసరా నాటికి కుండ నీళ్ళు పారబోయడం ఆగిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత నేను ఆ సంగతి ఎత్తితే, "నా మోకాళ్ళు ఓడిపోయినయి గని నేను ఓడిపోలే" అంది బాపమ్మ. అప్పటికి ఆమె టీచర్ పేరు ఎత్తకుండా పండుగ పిండివంట పొయ్యి మీద పెట్టేది కాదు.

నూలు ఆగడంతో బాపుకు దారి దొరికింది. ముందరింట్లో తన గుంత పూడ్చి పవర్‌లూమ్‌లు దించాడు. తాత మగ్గం మాత్రం కదలలేదు. ఆ చప్పుడులో ఆయన నేస్తుంటే నాడె ఆడటం కళ్ళకు కనపడేదే తప్ప దాని చప్పుడు చెవులకు వినపడేది కాదు. బాపు టీచర్‌తో వాదించేవాడు. తట్టుకోలేనిది పోవడమే మంచిదని మీ పాఠమే చెప్తున్నది గదా అని. ఒకసారి ఆమె అన్న మాట మా ఇంట్లో చాలా కాలం నిలిచింది. "పిడుగు ఎట్ల వడ్తదో చెప్పే పాఠం, మనుషుల మీద పిడుగులెయ్యమని చెప్పదు గదన్నా." తట్టుకోవడమంటే బలం కాదని, ఉన్నచోటికి సరిపడటమని, కలిసి ఉండటం కూడా అందులో ఒక దారేనని ఆమె చెప్తుంటే, బాపు మిషన్లు ఆపి మరీ విన్నాడు. విన్నా తన పని తను చేశాడనుకోండి. కొన్నాళ్ళకు కాక చదువు ముగించి, పవర్‌లూమ్ కార్మికుల సంఘం పెట్టి, మొట్టమొదటి సమ్మె నోటీసు సొంత అన్నకే ఇచ్చాడు. ఇద్దరూ వారమంతా మాటల్లేకుండా ఉండి, ఆదివారం ఒకే బొచ్చెలోంచి మాంసం కూర వేసుకుని తినేవాళ్ళు.

కూనపులి ఓదెలు మళ్ళీ వచ్చినప్పుడు ఊళ్ళో సంగతులు విని, మా గడప ముందే తటపటాయిస్తూ నిలబడ్డాడు. రుషి కథ చెప్పాలా వద్దా అని అడిగాడు. తాతకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "ఎందుకు చెప్పవు? నా ఒళ్ళు ఎక్కడికెళ్ళి వచ్చిందో టీచరమ్మ చెప్పింది. నా చెయ్యికి పని ఎవలు నేర్పిన్రో నువ్వే చెప్పాలె." ఆ రోజు ఓదెలుకు వాకిట్లో కాదు, లోపల మా వరసలోనే విస్తరి వేశారు. కథకు ముందు వరసలో టీచర్ కూచుంది. రాక్షసుణ్ణి చంపి వాడి ఎముకలతో రుషి మగ్గం చేసే ఘట్టం ఆమెకు ఎంతగానో నచ్చి, మళ్ళీ పాడించుకుంది.

ఇప్పుడు మా ఊరు పోతే, కులానికొక భవనం కనపడుతుంది, ఒకదాన్ని మించి ఒకటి. ఇంటింటికీ నీళ్ళ డబ్బాలు వస్తాయి. అవ్వా బాపమ్మా మాటల్లేకుండా పోరాడిన కుండ ఎవరింట్లోనూ లేదు. అయ్యగారు చెప్పిన అవతారాల మాట గులాబీ పూల బొమ్మతో పొద్దున్నే నా ఫోనుకు వస్తుంది, పంపేవాళ్ళలో నా దగ్గర చదువుకున్న డాక్టర్లు ఉన్నారు. తట్టుకున్నదే బతుకుతదని బాపు పట్టుకున్న ముక్క కోచింగ్ సెంటర్ల గోడల మీద పెద్ద అక్షరాల్లో ఉంది. కాక ముసలివాడయ్యాడు, సమాజం మారుతుందని చెప్పింది నిజమే గానీ ఎటు మారుతుందో అడగటం మరిచిపోయానని నవ్వుతాడు. నేను ఆ పాఠాన్ని ఏటేటా చెప్పాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు, బిట్లు బట్టీ పట్టారు, మంచి మార్కులు తెచ్చుకున్నారు. ఒక్కరి ఇంట్లోనూ ఆ పాఠం వల్ల అన్నం ఆగలేదు, ఒక్కరి తాతా కోపంగా కాలేజీ మెట్లెక్కలేదు. కోపం రావాలంటే ముందు వినాలి కదా. ఒక్కోసారి ఆ పంచాయితీ కూడా నాకు ముద్దుగా అనిపిస్తుంది, అందులో అంతమంది ఒక పాఠాన్ని నిజంగా పట్టించుకున్నారని. అయినా నాకు దిగులేం లేదు. మొన్న మా తమ్ముడి కూతురు తనకు నచ్చిన పిల్లవాణ్ణి తీసుకువస్తే, ఇంట్లో అడిగిన మొదటి ప్రశ్న ముహూర్తం ఎప్పుడని. ఏ రోజు మారిపోయాం ఇట్లా అని లెక్క తీద్దామంటే ఆ రోజు దొరకదు. మారడమంటే అదే మరి, నేను చెప్పిన పాఠంలో కూడా అంతే.

బెల్లంపల్లిలో ఎండ గోడ మీదికి ఎక్కింది. టీచర్ కుర్చీని నేను కొంచెం ముందుకు జరిపాను. ఎన్నేళ్ళుగానో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. ఆ రోజు క్లాసులో తాత తలూపాడు కదా, పాఠాన్ని నమ్మినట్టేనా అని.

ఆమె చూపు ఆనని కళ్ళతో వీధి వైపు తిరిగి కూచుంది.

"గది నాకు ఇప్పటికి ఎరుక లేదు సులోచనా," అంది. "నమ్మిండో, నమ్మలేదో. గా పాఠం నమ్మినోళ్ళు ఊళ్ళె శానమంది ఉండిరి, ఒక్కరు ఇల్లియ్యలే. మీ తాత ఇంకా నమ్మాల్నా వద్దా అని ఆలోచించుకుంటనే తలుపు తీసిండు."

ఆ మాట అని లోపలికి మొహం తిప్పి, పిల్ల పొద్దటి సంది ఏమీ తినలేదు, అన్నం వడ్డించమని కోడలిని కేకేసింది.